ఎడమ అంచు పైకి

గుజో
అక్టోబరు 9

మామయ్యా,

వానలు వెనక్కి తగ్గాయి, ఏటిలో నీళ్ళు తేటబడ్డాయి, కొండ మీద ఒకటీ అరా ఆకులు ఎర్రబడుతున్నాయి. వాతావరణం రాయకుండా ఉత్తరం మొదలుపెడితే మర్యాద కాదని అమ్మ నెత్తి మీద నిలబడి రాయించింది. ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళింది. ఇక అసలు సంగతి రాస్తాను.

ఆపరేషను కుట్లు ఇంకా లాగుతున్నాయటగా. కడుపులో పుండు తీసేశాక కొన్నాళ్ళు అలాగే ఉంటుందని డాక్టరు చెప్పాడట. నర్సులతో పోట్లాడకు. నవ్వితే కుట్లు నొప్పెడతాయి కాబట్టి ఈ ఉత్తరాన్ని కాస్త జాగ్రత్తగా చదువు.

స్టూడియో తాళంచెవి నా చేతిలో పెట్టి "దుమ్ము దులుపు, చాలు. దేన్నీ ముట్టుకోకు" అన్నావు. ముట్టుకున్నాను. నీ రెండు కళ్ళ కెమెరానే. తిట్టు, కానీ చివరిదాకా చదివి తిట్టు. నిన్న బడిలో ఆటల పండగ. మధ్యాహ్నంలోగా నాలుగు రీళ్ళు, నలభై ఎనిమిది ఫోటోలు తీసేశాను. చిన్నప్పుడు నీ చీకటిగదిలో ట్రేలు ఊపిన చేతులు కదా, ఏదీ మర్చిపోలేదు. నేనే కడిగాను, నేనే ప్రింటు వేశాను. అన్నీ ఇందులో పెడుతున్నాను.

పెళ్ళి చెడి అమ్మ దగ్గరికి వచ్చి ఆరేళ్ళయింది. ఆరేళ్ళూ పోస్టాఫీసులో ముద్రలు కొట్టాను. ఇది నా చేత్తో చేసిన పని అని నిన్ననే మొదటిసారి అనిపించింది. నువ్వు తిరిగొచ్చేదాకా స్టూడియో నన్ను నడపనిస్తావా?

నీ మేనకోడలు
తొమొయె


నగోయా, ఆసుపత్రి మూడో అంతస్తు
అక్టోబరు 17

తొమొయె,

ఇక్కడ వాతావరణం లేదు. కిటికీకి ఎదురుగా పక్క భవనం గోడ ఉంది. వానొచ్చినా గోడే, ఎండొచ్చినా గోడే. మర్యాద తీరిందని మా అక్కకి చెప్పు.

నీ నలభై ఎనిమిదీ చూశాను. పక్క మంచం ఆయన కూడా కళ్ళద్దాలు పెట్టుకుని చూసి "అబ్బో, బాగా పరిగెత్తుతున్నారే" అన్నాడు. పరిగెత్తింది పిల్లలు కాదే పిచ్చిదానా, నువ్వు. నలభై ఎనిమిదింట్లో ఒక్క మనిషీ లేడు. కాళ్ళున్నాయి, జెండాలున్నాయి, దుమ్ముంది. ఒక వీపు మూడుసార్లు కనిపించింది. ఎవరిదే ఆ వీపు? నీకూ తెలీదు. చూసుంటే కదా తెలిసేది!

స్టూడియో నడుపుతావా? ముందు నడవడం నేర్చుకో. ఈ నెల నుంచి నీకు నెలకి ఒక్కటే రీలు. పన్నెండు ఫోటోలు, అంతే. తీయాలనుకున్న చోటికి మొదట కెమెరా లేకుండా వెళ్ళి కూర్చో. ఊరికే కూర్చో. విసుగొచ్చాక ఇంకాసేపు కూర్చో. మీట నొక్కే ముందు పుస్తకంలో రాయాలి: ఎవరు, ఏం చేస్తున్నారు, నేనెందుకు ఆగాను. మూడోది రాయలేకపోతే నొక్కకు, ఇంటికి వచ్చెయ్.

ఇంకో మాట. ఆ కెమెరాలో చూసే కన్ను వేరు, తీసే కన్ను వేరు. పైనుంచి గాజులోకి చూస్తే కుడి ఎడమైపోతుంది. మనిషి ఇటు కదిలితే గాజులో అటు పోతాడు. నెమ్మదిగా ఉంటే తప్ప అది చేతికి అలవాటు కాదు. ప్రింటు వేసేటప్పుడు నెగటివ్ మెరిసే వైపు పైకి, మసక వైపు కిందికి ఉండాలి. తొమ్మిదేళ్ళప్పుడు నువ్వు దాన్ని తిరగేసి పెట్టి మేయరుగారి జేబురుమాలు కుడివైపుకి మార్చేశావు. ఆయన నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు.

గెన్‌షిచి


గుజో
నవంబరు 5

మామయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అలిగాను. తర్వాత వెళ్ళి సోయా టోఫు అమ్మే కొట్టు ముందు కూర్చున్నాను. కెమెరా లేకుండానే.

మొదటి రోజు కొట్టు యోనె అవ్వ పలకరించింది. రెండో రోజు అనుమానంగా చూసింది. మూడో రోజు ఇక ఉండబట్టలేక "ఏమే తొమొయె, కొనేదీ లేదు, కదిలేదీ లేదు. మళ్ళీ పెళ్ళి సంబంధం గానీ చూస్తున్నావా? మా ఆయనకి డెబ్బై తొమ్మిది, ముందే చెబుతున్నా!" అంది. బజారంతా నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కానీ మామయ్యా, మూడో రోజే ఒకటి చూశాను. అవ్వ తొట్టిలో మోచేతి దాకా చెయ్యి ముంచి టోఫు పైకి తీస్తుంది. ఆ నీళ్ళు ఎంత చల్లనో నీకు తెలుసు. టోఫు గిన్నెలో పెట్టాక వెంటనే ఇవ్వదు. చెయ్యి తుడుచుకుని, వేళ్ళ మీద రెండుసార్లు ఊదుకుని, అప్పుడు ఇస్తుంది. కొన్నవాళ్ళ చేతికి తన చల్లని చెయ్యి తగలకూడదని. చిన్నప్పటి నుంచీ అక్కడే టోఫు కొంటున్నాను, ఎప్పుడూ గమనించలేదు.

నాలుగో రోజు కెమెరా తీసుకెళ్ళాను. పుస్తకంలో రాశాను, ఒక్కసారి నొక్కాను. ఆ ఒక్కటీ కదిలిపోయింది. అయినా పంపుతున్నాను. ఈసారి ఎవరి చెయ్యి అని అడిగితే చెప్పగలను.

తొమొయె


నగోయా
నవంబరు 12

తొమొయె,

కదిలింది నిజమే. ఊపిరి బిగబట్టావు, అందుకే కదిలింది. ఊపిరి సగం వదిలి నొక్కాలి. కానీ ఇది యోనె చెయ్యే. అడక్కుండానే తెలిసింది.

పని లేక పడుకుంటే ఏవేవో ఆలోచనలు వస్తున్నాయి. నలభై ఏళ్ళుగా మన ఊళ్ళో పోయినవాళ్ళందరికీ నల్ల చట్రంలో ఫోటో కట్టింది నేనే. ఇంట్లోవాళ్ళు కంగారుగా వచ్చి, ఏదో పెళ్ళిలో తీసిన గుంపు ఫోటో చేతిలో పెట్టేవాళ్ళు. సాకే తాగి ముఖం కందిపోయిన మనిషిని అందులోంచి కత్తిరించి, పెద్దది చేసి, మెడ కింద నల్ల కోటు అతికించేవాణ్ణి. భుజం మీద పక్కవాడి చెయ్యి ఉండిపోతే గీకేసేవాణ్ణి. పోయిన మనిషి చావు తనదాకా వచ్చిందని ముందే తెలిసి, కుదురుగా కూర్చుని తీయించుకున్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు.

వచ్చేస్తే డెబ్బై దాటినవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ ఒక్కో రోజు కూర్చోబెట్టి తీస్తాను. నాకు అరవై మూడే అనుకో. అయినా నాదీ ఒకటి తీయించుకుంటాను. నన్ను ఎవడి పెళ్ళిలోంచో కత్తిరిస్తే మాత్రం ఊరుకోను.

అక్క వచ్చే వారం నిన్ను తీసుకొస్తానంది. ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళు తీసుకురా. ఇక్కడి గంజి తాగలేకపోతున్నాను.

గెన్‌షిచి


గుజో
నవంబరు 21
(పోస్టు చేయలేదు)

మామయ్యా,

ఇది నీకు పంపను. ఎవరికైనా చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. నీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోవాలో నాకు తెలీదు.

నిన్న నిన్ను చూసే ముందు డాక్టరు నన్నూ అమ్మనీ కింద చిన్న గదిలో కూర్చోబెట్టాడు. పుండు కాదు మామయ్యా. క్యాన్సరు. తీయగలిగినంత తీశారట, అంతా తీయలేకపోయారట. వసంతం దాకా అన్నాడు. వసంతం మొదట్లోనా చివర్లోనా అని అమ్మ అడిగింది. రైలు వేళ అడిగినట్టు అడిగింది. ఆయన "రోగికి చెప్పకండి. తెలిస్తే ఉన్న ధైర్యం కూడా పోతుంది. అందరూ ఇలాగే చేస్తారు" అన్నాడు.

పైకి వచ్చే ముందు అమ్మ కొళాయి దగ్గర ముఖం కడుక్కుంది. తడి తువ్వాలుతో నా ముఖం కూడా తుడిచింది, నాకు ఐదేళ్ళయినట్టు. "నవ్వు" అంది. నవ్వాను. "వాడి దగ్గర నోరు విప్పావో, నువ్వు నా కూతురివే కావు. మా అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను. వాడు భయపడుతుంటే నేను చూడలేను" అంది. మాట ఇచ్చాను.

నువ్వు పెర్సిమన్ పండు కొరుకుతూ వసంతంలో ఎవరెవరి ఫోటోలు తీయాలో వేళ్ళ మీద లెక్కపెట్టావు. చివర్లో నీది. అమ్మ "అలాగే, అలాగే" అంది. నేను కిటికీ అవతల గోడ వైపు తిరిగాను. కుదురుగా కూర్చుని తీయించుకోవాలంటే ముందు నీకు తెలియాలి కదా. నీకు తెలియనివ్వకూడదని అందరం కలిసి నిర్ణయించేశాం. నాకు సిగ్గుగా ఉంది.

తొమొయె


నగోయా
డిసెంబరు 8

తొమొయె,

ఈ నెల పన్నెండూ చేరాయి. నాలుగు బాగున్నాయి. అంటే, నా కళ్ళద్దాలు బాగా తుడుచుకుని చూస్తే. వంతెన మీద చేపలవాడి ఫోటోలో వాడు నిన్ను చూస్తున్నాడు. నువ్వు తొందరపడ్డావు. నిన్ను మర్చిపోయేదాకా ఆగాల్సింది.

ఒక సంగతి అడుగుతాను. పుండు తీసి మూడు నెలలయింది. ప్యాంటు నడుము మీద నిలవట్లేదు. డాక్టర్ని అడిగితే "మీ వయసులో నెమ్మదిగానే మానుతుంది" అంటాడు. అక్కని అడిగితే ఇల్లు ఊడ్చినట్టు మాట ఊడ్చేస్తుంది. నీకేమైనా చెప్పారా?

గెన్‌షిచి


గుజో
డిసెంబరు 16

మామయ్యా,

మొన్న రాత్రికి రాత్రే మంచు పడింది. పొద్దున్నే లేచి చూస్తే కోట కొండ, ఏటి గట్టు, నీ స్టూడియో బోర్డు, అన్నీ తెల్లగా. వంతెన మీద పిల్లలు మంచు ముద్దలు చేసి విసురుకుంటున్నారు. నిన్న కాసేపు ఎండ కాసింది, చూరుల నుంచి నీళ్ళు కారాయి, సాయంత్రానికి మళ్ళీ గడ్డకట్టాయి. ఈ ఏడు చలి ఎక్కువేనంటున్నారు. ముల్లంగి బాగా పండింది, అమ్మ రెండు జాడీలు ఊరబెట్టింది. నువ్వు వచ్చేసరికి ఊరతాయంది.

డాక్టరు నాతో ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. పుండు బాగానే మానుతోందట. వయసు కదా. కంగారు పడకు. బాగా తిను.

ఊపిరి సగం వదిలి నొక్కడం అలవాటవుతోంది.

తొమొయె


గుజో
జనవరి 22

మామయ్యా,

మొన్న అద్దకంవాళ్ళు ఏట్లో గుడ్డ చేప జెండాలు ఉతికారు. ఏటా చూసేదే అనుకుని ఎప్పుడూ దుప్పట్లోంచి లేచేదాన్ని కాదు. ఈసారి తెల్లారగానే గట్టు మీద కూర్చున్నాను. ఫోటోలు తీసేవాళ్ళు నగోయా నుంచి కూడా వచ్చారు, ముప్ఫై మంది ఉంటారు. నీళ్ళలో ఎర్రచేప జెండా పరవగానే టపటపా టపటపా నొక్కేశారు. నాకూ చెయ్యి దురద పెట్టింది. పుస్తకం తీసి "నేనెందుకు ఆగాను" దగ్గర పెన్సిలు పెట్టాను. రాయడానికి ఏమీ లేదు. చూడ్డానికి బాగుంది, అంతే. నొక్కలేదు.

పదింటికి వాళ్ళంతా వేడి నూడిల్సు తినడానికి వెళ్ళిపోయారు. అద్దకం కుమహికొ తాత నీళ్ళలోంచి బయటికి వచ్చాడు. రెండు గంటలు నడుము లోతులో నిలబడి రంగు అద్దకానికి జెండా మీద పూసిన పిండి జిగురు కుంచెతో తోమిన మనిషి. సిగరెట్టు వెలిగించుకోబోతే వేళ్ళు వంగలేదు. అగ్గిపుల్లలు మూడు కింద పడ్డాయి. కోడలు సిగరెట్టు తన నోట్లో పెట్టుకుని వెలిగించి, దగ్గి, ఆయన పెదాల మధ్య పెట్టింది. ఆయన చేతులు రెండూ ముందుకు చాపి వాటికేసి చూసుకున్నాడు. అవి తనవేనా అన్నట్టు. పుస్తకంలో రాశాను: "కుమహికొ, తన చేతుల్ని చూసుకుంటున్నాడు. ఇవి ఇంకెన్నేళ్ళు పని చేస్తాయని ఆయన అడుగుతున్నాడు, అందుకే ఆగాను." ఊపిరి సగం వదిలి ఒక్కసారి నొక్కాను. ఆ రోజంతా మళ్ళీ నొక్కలేదు.

తొమొయె


నగోయా
జనవరి 30

తొమొయె,

కుమహికొ ఫోటోని మంచం పక్క గోడకి అంటించమన్నాను. నర్సు కుదరదంది. పోట్లాడాను. అంటించింది.

నలభై ఏళ్ళలో నేను ఇలాంటివి నాలుగో ఐదో తీసుంటాను. నువ్వు నాలుగు నెలలకే తీశావు. కాస్త కుళ్ళుగా ఉంది. ఎక్కువ ఆనందంగా ఉంది. స్టూడియో నడుపు. బోర్డు మీద మంచు దులుపు.

వచ్చేటప్పుడు ఆ కెమెరా తీసుకురా. దాన్ని చూసి చాలా రోజులయింది.

గెన్‌షిచి


గుజో
ఫిబ్రవరి 13

మామయ్యా,

మొన్న శనివారం నీ దగ్గరికి వచ్చి వెళ్ళాక వెంటనే కడిగి ప్రింటు వేశాను. అమ్మ టీ తేవడానికి వెళ్ళినప్పుడు తీసినవాటిలో ఇది బాగుంది. నువ్వు మంచం మీద లేచి కూర్చుని నవ్వుతున్నావు. నీకు ఇష్టమవుతుందని అదే పంపుతున్నాను. స్టూడియోలో పని ఎక్కువగా ఉంది, ఇంతకంటే రాయలేకపోతున్నాను. చలిలో దుప్పటి సరిగా కప్పుకో.

తొమొయె


నగోయా
ఫిబ్రవరి 19

తొమొయె,

ఈ ఉత్తరం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నువ్వు కూడా నెమ్మదిగా చదువు.

శనివారం అక్క గది దాటగానే నువ్వు కెమెరా తెరిచావు. పుస్తకం తీయలేదు. కూర్చోలేదు. నొక్కావు, రీలు జరిపే మర తిప్పావు, మళ్ళీ నొక్కావు. ఆ మర చప్పుడు నాకు నా గుండె చప్పుడులాగా తెలుసు. పన్నెండుసార్లు లెక్కపెట్టాను. అక్క టీతో వచ్చేసరికి రీలు అయిపోయింది. చేప జెండాల దగ్గర ముప్ఫై మంది నొక్కుతుంటే చేతులు కట్టుకుని కూర్చున్న పిల్లవి, నా మీద ఐదు నిమిషాల్లో పన్నెండు కాల్చేశావు. ఎప్పుడు అలా నొక్కుతారో నాకు తెలుసు. రైలు కదులుతున్నప్పుడు, కిటికీలో ముఖం దూరమైపోతున్నప్పుడు. నేను మంచం మీదే ఉన్నాను తొమొయె. నువ్వు నన్ను రైలెక్కించేశావు.

తర్వాత ఫోటో వచ్చింది. పక్క మంచం ఆయన ముందు చూశాడు. దాన్ని బోర్లించి నా దుప్పటి మీద పెట్టాడు. తీసి చూశాను. ఒంటికి చుట్టి కట్టే ఆసుపత్రి యుకాటాలో నాకు కుడి అంచు పైకి వచ్చింది. బతికున్నవాడికి ఎడమ అంచు పైకి కడతాం. కుడి అంచు పైకి ఎవరికి కడతామో, ఎప్పుడు కడతామో నీకు చెప్పాలా? నెగటివ్ మసక వైపు పైకి పెట్టావు. నేను నవ్వుతూ, శవానికి కట్టినట్టు కట్టుకుని కూర్చున్నాను.

తప్పు ఎలా జరిగిందో తెలుసు. గాజులో నన్ను అలాగే తారుమారుగా చూశావు, ప్రింటు అలా వచ్చినా నీ కంటికి తేడా తెలియలేదు. వేరే రోజైతే నేనూ అంతే అనుకునేవాణ్ణి. కానీ యోనె వేళ్ళు చూసిన కన్ను నా అంచు చూడలేదంటే, ఆ కన్ను నిండా నీళ్ళున్నాయన్నమాట.

ఒక్కటే అడుగుతున్నాను. నాకు ఎంత కాలం ఉంది? డిసెంబరు ఉత్తరంలో సగం పేజీ మంచు కురిపించావు, అప్పుడే అనుమానం వచ్చింది, అడగడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడూ అబద్ధమే చెప్పాలనుకుంటే వాతావరణంతో మొదలుపెట్టు. నాకు అర్థమవుతుంది. మళ్ళీ అడగను.

గెన్‌షిచి


గుజో
ఫిబ్రవరి 22

మామయ్యా,

క్యాన్సరు. ఆపరేషనులో అంతా తీయలేకపోయారు. వసంతం దాకా అన్నారు. నవంబరు ఇరవైన చెప్పారు. మర్నాడు రాసి పోస్టు చేయని ఉత్తరం కూడా ఇందులోనే పెడుతున్నాను.

అమ్మకి మాట ఇచ్చాను, తప్పాను. అమ్మకి తెలిస్తే నన్ను కూతురనదు. అననివ్వు. నువ్వు డెబ్బై దాటినవాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. నీ రోజులు నీవి. వాటిని నీకు చెప్పకుండా మేం ఖర్చు పెట్టేశాం, మూడు నెలలు.

అంచు సంగతి చదివి చీకటిగదిలోకి వెళ్ళి తలుపేసుకుని గట్టిగా ఏడ్చాను. ఆ ప్రింటు చింపెయ్ మామయ్యా. నన్ను క్షమించకపోయినా సరే, అది మాత్రం చింపెయ్. నాకు భయంగా ఉంది. నువ్వు లేకపోతే నా ఫోటో చూసి తిట్టేవాళ్ళు నాకు ఈ లోకంలో ఎవరూ లేరు.

తొమొయె


నగోయా
మార్చి 1

తొమొయె,

చింపేశాను. నర్సు చూస్తుండగా చింపాను, ఆవిడకి కూడా అంచు సంగతి తెలుసు, చీపురు తెచ్చి ముక్కలన్నీ ఎత్తేసింది.

నీకు అబద్ధం చెప్పను. రెండు రోజులు భయపడ్డాను. గంజి ముట్టుకోలేదు, గోడకేసి తిరిగి పడుకున్నాను. డాక్టరు చెప్పినట్టే ధైర్యం పోయింది. మూడో రోజు పొద్దున్న ఆకలేసింది. భయపడుతున్నా ఆకలేస్తుందని ఇన్నేళ్ళకి తెలిసింది. గడ్డం గీయించుకున్నాను. చెప్పినందుకు నీకు రుణపడ్డాను. చెప్పకపోయుంటే నేను వసంతం కోసం ఎదురుచూస్తూనే పోయేవాణ్ణి.

ఇక అక్క సంగతి. ప్రతి గురువారం రెండు రైళ్ళు మారి వస్తుంది. డబ్బా నిండా ఉడికించిన గుమ్మడికాయ తెస్తుంది, నేను రెండు ముక్కలు తింటే పదహారు తిన్నట్టు మెచ్చుకుంటుంది. నా ముందు ఒక్కసారైనా ఏడవలేదు. అరవై ఏడేళ్ళ మనిషి, పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడ్డం రానిది, నా కోసం నేర్చుకుంది. ఎంత కష్టపడి నేర్చుకుందో నువ్వు చూశావుగా. ఆ కష్టాన్ని నేను పాడుచేయను. నాకు తెలుసని తనకి తెలియకూడదు. నువ్వు తప్పిన మాటని ఇక నుంచి ఇద్దరం కలిసి నిలబెడదాం.

వచ్చే గురువారం తనతో నువ్వూ రా. నా బూడిదరంగు కిమోనో, పై కోటు తీసుకురా. ఎందుకని అక్క అడిగితే, ఎప్పుడూ ఆసుపత్రి గుడ్డలేనా అని నేను అలిగానని చెప్పు. కెమెరాలో కొత్త రీలు వేసుకో. కిటికీ వైపు స్టూలు మీద కూర్చో, నా ముఖానికి దూరం ముందే కొలిచి పెట్టుకో. ఒక గంట ఊరికే కూర్చో. అక్క నన్ను వసంతంలో ఎప్పుడొస్తావని అడుగుతుంది, ఎప్పుడూ అడుగుతుంది. చెర్రీలు పూసేసరికి ఇంట్లో ఉంటానని చెబుతాను. నమ్మేలా చెబుతాను. నువ్వు అప్పుడు ఏడవకు, నొక్కకు కూడా. చెప్పడం అయ్యాక నేను నీకేసి చూస్తాను. అప్పుడు. ఒక్కసారే.

నల్ల చట్రంలోకి అదే. దేన్నీ గీకొద్దు, ఏదీ అతికించొద్దు.

గెన్‌షిచి


గుజో
మార్చి 11

మామయ్యా,

కడిగాను, ప్రింటు వేశాను. పెట్టే ముందు నెగటివ్‌ని దీపం దగ్గర మూడుసార్లు చూసుకున్నాను. ఇందులో పెడుతున్నాను, కానీ చూసే ముందు ఆ గురువారం నేను స్టూలు మీంచి చూసింది రాయనివ్వు. నీకు కనిపించనిది కొంత ఉంది.

అమ్మ నీకు కిమోనో కట్టింది చూశావా? నువ్వు పైకి, గోడ మీది కుమహికొ వైపు చూస్తూ నిలబడ్డావు. అమ్మ ముందు కుడి అంచు నీ పక్కటెముకల మీదుగా చుట్టింది. తర్వాత ఎడమ అంచు పైకి తెచ్చింది. అక్కడ ఆగింది. అరచేత్తో ఆ అంచుని మెడ నుంచి నడుము దాకా అదిమింది, మళ్ళీ అదిమింది, ముడత లేకపోయినా మళ్ళీ అదిమింది. "ఎంత సేపే అక్కా, బడికి పంపుతున్నావా?" అన్నావు. "నోర్మూసుకుని నిలబడు, చిన్నప్పుడూ ఇంతే, కుదురుండదు" అంది. నేను పుస్తకంలో రాసుకున్నాను, కానీ నొక్కలేదు. నువ్వు చెప్పింది అది కాదు కదా.

గంట కూర్చున్నాను. అమ్మ అడిగింది. చెప్పావు. చెర్రీలు పూసేసరికి ఇంట్లో ఉంటాననీ, ఊరబెట్టిన ముల్లంగి అంతా నీకే కావాలనీ, అమ్మకి ఒక్క ముక్క కూడా పెట్టననీ. అమ్మ పకపకా నవ్వింది. నువ్వు ఆమె నవ్వు అయిపోయేదాకా ఆమెనే చూసి, అప్పుడు నాకేసి తిరిగావు. ఊపిరి సగం వదిలాను. నొక్కాను. మిగతా పదకొండూ నొక్కకుండానే రీలు కడిగాను.

ఫోటోలో నీ భుజం మీద, మళ్ళీ అంచు సర్దుతూ అమ్మ మర్చిపోయిన చెయ్యి ఉంది. నాలుగు వేళ్ళు. గీకొద్దన్నావు కాబట్టి సరిపోయింది. గీకమని చెప్పినా గీకేదాన్ని కాదు.

తిరుగు రైల్లో అమ్మ మినో స్టేషను దాటాక "పాపం, వాడికి ఏమీ తెలీదు" అంది. "ఎంత హాయిగా నవ్వాడో చూశావా? మనం బాగా దాచాం కదే?"

"అవునమ్మా, బాగా దాచాం" అన్నాను.

"నువ్వు మాట నిలబెట్టుకుంటావో లేదోనని నాకు భయంగా ఉండేది" అని నా చెయ్యి పట్టుకుంది. తర్వాత కిటికీకి తల ఆనించింది. నవంబరు నుంచి ఆ రైల్లో ఎన్ని గురువారాలు కళ్ళు తెరుచుకుని కూర్చుందో. ఈసారి గుజో వచ్చేదాకా నిద్రపోయింది.

తొమొయె